షాలేమ్ మిరియాల బీరు

షాలేమ్ తన యాభై అయిదేళ్ళ జీవితంలో బీరు చుక్క నోట్లో వేసుకోలేదు. అయినా డార్ట్‌మత్‌లో అతని వంటింటి అలమరలో పంతొమ్మిది రకాల బీర్ల రుచులు రాసిపెట్టిన పుస్తకం ఒకటి ఉంది. ఏ బీరు నాలుక మీద ఎలా దిగుతుందో, ఏది మింగాక గొంతులో ఎంతసేపు మండుతుందో అన్నీ అందులో ఉన్నాయి, శుభ్రమైన తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. ఇదేం విడ్డూరం అంటారేమో. విడ్డూరమే. మనిషే అలాంటివాడు.

నర్సాపురం దగ్గర కాలువలో పద్నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్న రోజున, పాస్టరు గారు పిల్లలందరి చేతా మత్తు పానీయం ముట్టబోమని చేతులెత్తించారు. పదకొండు చేతులు లేచాయి. తరవాతి సంగతులు మనకెందుకు గానీ, మాట మీద నిలబడ్డది షాలేమ్ ఒక్కడే. అందులో అతని గొప్పతనం కంటే అతని స్వభావం పాలే ఎక్కువ. ఒక దారిన పడ్డాడంటే పక్కకి చూసే అలవాటు లేదు. దేశం దాటి వచ్చి, హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ పరికరాలు కడిగి ఆవిరి పట్టి ప్యాక్ చేసే విభాగంలో పదిహేనేళ్ళుగా పని. పొద్దున్నే డార్ట్‌మత్‌లో ఫెర్రీ ఎక్కి హార్బర్ దాటడం, సాయంత్రం అదే ఫెర్రీలో తిరిగి రావడం. కత్తెరలూ పట్టకార్లూ మాట్లాడవు, మాట్లాడమని అడగవు. అతనికి అది హాయిగానే ఉండేది. ఇబ్బందల్లా ఇంట్లోవాళ్ళకి.

ఇంట్లోవాళ్ళంటే భార్య ఏనీ, కూతురు జెస్లిన్. జెస్లిన్ ఉద్యోగం వచ్చి, విమానం ఎక్కాల్సినంత దూరంలో ఉన్న రిచ్‌మండ్ హిల్ వెళ్ళిపోయింది. ఆరు నెలలకి ఏనీ కూడా, పిల్లకి కొన్నాళ్ళు వండిపెట్టి వస్తానని సూట్‌కేసు సర్దుకుంది. నాలుగేళ్ళయింది, వండిపెట్టడం ఇంకా పూర్తి కాలేదు. విడాకులు కావు, అలాగని కాపురమూ కాదు. వెళ్ళే రోజు పొద్దున టిఫిను దగ్గర కూర్చుని ఏనీ అన్న మాట ఒకటుంది.

“ఇరవయ్యారేళ్ళ నుంచి వండి పెడతన్నానండి మీకు. ఏం పెట్టినా బాగుందనే అంటారు. మాడ్చి పెట్టినా బాగుందనే అన్నారు. ఒక్కసారంటే ఒక్కసారి, ఉప్పెక్కువైందే అని నా మీద అరిచుంటే నేనెక్కడికీ పోయేదాన్ని కాదు.”

షాలేమ్‌కి ఆ మాట అంతు పట్టలేదు. వంటకి వంక పెట్టని మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? మంచితనం కూడా తప్పేనా అని లోలోపల నొచ్చుకున్నాడు. పైకి మాత్రం, “టాక్సీ వచ్చినట్టుంది,” అన్నాడు.

అతని ఇల్లు ఒకే గోడకి అటూ ఇటూ అతుక్కుని ఉన్న జంట ఇళ్ళలో ఒకటి. అవతలి వైపు ఆంగస్ మెక్‌నీల్ అని, ముప్పై ఏళ్ళు ఆ హార్బర్ ఫెర్రీ డెక్ మీదే పనిచేసి రిటైరైన పెద్దమనిషి. భార్య పోయి చాలాకాలమైంది. మీసాలు తెల్లవి, నోరు మాత్రం నల్లమిరియం. ఏనీ వెళ్ళాక వచ్చిన మొదటి జనవరిలో ఒక మధ్యాహ్నం వచ్చి తలుపు కొట్టాడు. ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే జరిగాయనుకోండి, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

“శనివారం శనివారం మీ ఇంట్లోంచి ఒక వాసన గోడ దాటి వస్తోంది. నా ముక్కు కారిపోతోంది. ఏమిటది?”

మిరియాల చారు. షాలేమ్ ఒక గిన్నెలో పోసి ఇచ్చాడు. ఆంగస్ గుమ్మంలో నిలబడే తాగి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, “ఉప్పు తక్కువైంది,” అన్నాడు. “కానీ ఈ ఘాటు ఉంది చూశావూ, ఇది బీరులో ఉండాలి.”

అతను వెళ్ళాక షాలేమ్ చారు రుచి చూశాడు. నిజమే, ఉప్పు తక్కువైంది. ఒక మనిషి తన చేతి వంట గురించి మొహం మీద ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి వింతగానూ, ఎందుకో సంతోషంగానూ అనిపించింది.

ఆంగస్ తన బేస్‌మెంట్‌లో పాతికేళ్ళుగా బీరు కాస్తున్నాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు, ఇరవై లీటర్ల కుండ ఎత్తడానికి ఒక మనిషి సాయం కావాలి. షాలేమ్ రెండు రోజులు ఆలోచించాడు. తాను ఒప్పుకున్నది ముట్టనని. కుండ ఎత్తడం గురించి పాస్టరు గారు ఏమీ అనలేదు. సీసాలు కడగడం గురించి అసలే అనలేదు, పైగా అది తన వృత్తి. అలా మనసుకి సర్దిచెప్పుకుని శనివారం మధ్యాహ్నం మెట్లు దిగాడు. ఆ తరవాత మూడేళ్ళలో ఒక్క శనివారమూ ఎగ్గొట్టలేదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెడితే బేస్‌మెంట్ అంతా హార్లిక్స్ వాసన వేసేది. ఆ తియ్యటి నీళ్ళని హాప్స్ అనే చేదు పువ్వులతో గంటసేపు కాచడం, చల్లార్చి ఈస్ట్ కలిపి రెండు వారాలు పులియనివ్వడం, సీసాల్లో పోసి మరో రెండు వారాలు ఓపిక పట్టడం. షాలేమ్ సీసాలు కడిగితే ఇక అందులో పురుగు పుట్రా బతికే ప్రశ్నే లేదు. “నువ్వు వచ్చాక ఒక్క సీసా పాడవలేదు,” అని ఆంగస్ అందరితోనూ చెప్పేవాడు. అందరూ అంటే పోస్టు తెచ్చే మనిషి.

ఆ వాసన అతని కోటుకి కూడా పట్టింది. నెలకొకసారి జరిగే తెలుగు ప్రార్థనకూటంలో రూపవతి గారు పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చి, “ఏంటండీ షాలేమ్ గారూ, మీ కోటు దగ్గిర ఏదో పులిసిన వాసన వస్తంది?” అంది.

“హార్లిక్స్ ఒలికిందండి.”

“నెలనెలా ఒలుకుతందా అండీ!” అని ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ప్రార్థనకూటంలో అతను చెప్పిన అబద్ధం అదొక్కటే.

మిరియాల ఆలోచన మాత్రం ఆంగస్‌ని వదల్లేదు. ముందు నల్లమిరియాలు. తరవాత పిప్పళ్ళు. తరవాత చైనా కొట్లో దొరికే సెచువాన్ మిరియాలు. ఘనా వాళ్ళ కొట్లో దొరికే ఒక రకం గింజలు కూడా వేశారు, యాలకులకి చుట్టమూ మిరియానికి వియ్యంకుడూ లాంటివి. ప్రతిదాన్నీ షాలేమ్ కచ్చాపచ్చాగా దంచి ఇస్తే, కుండ దించే ముందు ఐదు నిమిషాలు ఆంగస్ అందులో వేసేవాడు. నెల తిరిగాక సీసా మూత తీసి, గ్లాసు వంచి, పైన రెండు వేళ్ళ మందం నురగ నిలిచేలా పోసుకుని, ఒక గుక్క మింగి కళ్ళు మూసుకునేవాడు. ఎదురుగా షాలేమ్ టీ కప్పూ పెన్నూ పట్టుకుని కూర్చునేవాడు. అక్కడ మొదలయ్యేది అసలు పండగ.

“రాసుకో. ముందు ఏమీ లేదు. మింగాక వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. పిప్పలి మర్యాదస్తురాలు.” సెచువాన్ మిరియాలకి, “పెదాల మీద చీమలు బారు కట్టాయి. ఇది బీరు కాదు, దంతవైద్యుడి దగ్గర పని.” ఘనా గింజలకి అరగంట పొగడ్త. పదకొండో బీరుకి ముప్పావు గంట తిట్లు, అందులో సగం షాలేమ్‌కి, మరీ మెత్తగా దంచావని. షాలేమ్ అన్నీ రాసుకునేవాడు. ఆసుపత్రిలో వారమంతా కలిపి అతనితో ఎవరైనా మాట్లాడే మాటలు ఒక పేజీ నిండవు. ఆ అరగంటకి మాత్రం రెండు పేజీలు పట్టేవి.

నిరుడు ఫిబ్రవరిలో ఆంగస్ గుమ్మం ముందు మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. కేప్ బ్రెటన్‌లో ఉండే కూతురు వచ్చి, అక్కడే సిడ్నీ అనే ఊళ్ళో వృద్ధుల వసతి గృహంలో చేర్చింది. కారు మీద నాలుగున్నర గంటల దూరం. పోతూ పోతూ కుండా, గొట్టాలూ, ఖాళీ సీసాలూ షాలేమ్‌కి ఇప్పించాడు. అవతలి సగానికి అమ్మకం బోర్డు పడింది.

శనివారం మధ్యాహ్నాలు షాలేమ్‌కి ఏం చేయాలో తెలిసేది కాదు. గోడ అవతల దగ్గు వినిపించేది కాదు. చారు కాచుకుంటే మిగిలిపోయేది. జెస్లిన్ వారానికోసారి ఫోన్ చేసి, “డాడీ, ఆర్ యూ ఈటింగ్ ప్రాపర్లీ?” అని అడిగేది. “తింటున్నానమ్మా,” అనేవాడు. వెనక ఏనీ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించేది, గొంతు మాత్రం వినిపించేది కాదు. ఆంగస్‌కి ఫోన్ చేస్తే చెవి సరిగ్గా వినపడక, “ఫైన్, ఫైన్,” అని పెట్టేసేవాడు. ఆ ఏడాది షాలేమ్ ఒంటరితనం ఎలాంటిదంటే, ఫెర్రీలో పక్క సీటు మనిషి గొడుగు తగిలించి సారీ చెబితే ఇంటికొచ్చి దాన్ని తలుచుకునేవాడు.

ఈ ఏడాది ఏప్రిల్‌కి ఆంగస్‌కి ఎనభై నిండుతాయి. వసతి గృహంలో రోజుకో గ్లాసు బీరుకి డాక్టరు ఒప్పుకున్నాడని కూతురు చెప్పింది. “కానీ ఎవరితోనూ మాట్లాడడు,” అని కూడా అంది. ఆ మాట వినగానే షాలేమ్‌కి ఒక కోరిక పుట్టింది. ఇరవయ్యో బీరు తానొక్కడే కాచి పట్టుకెళ్ళాలి. ఎదురుగా కూర్చుని, ఒక్కసారి, మళ్ళీ ఆ అరగంట వినాలి. పొగిడినా సరే, తిట్టినా సరే. ప్రపంచంలో తనతో నిజంగా మాట్లాడే మనిషి ఇంకా మిగిలి ఉన్నాడో లేదో తెలియాలి.

మార్చిలో ఒక శనివారం కుండ పొయ్యి మీదికెక్కింది. అంతా ఆంగస్ చెప్పినట్టే చేశాడు, మిరియాల దగ్గరికి వచ్చేదాకా. మూడేళ్ళుగా అతని మనసులో ఒక మాట నలుగుతూనే ఉంది. పచ్చి మిరియాలు అలా నీళ్ళలో పడేస్తే ఘాటు ఎలా దిగుతుంది? మిరియం తన సంగతంతా బయటపెట్టేది వేడి నేతిలోనే కదా! ఆ ముక్క పెద్దాయనకి చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. ఏనీ వదిలేసి వెళ్ళిన చిన్న రోట్లో మిరియాలూ పిప్పళ్ళూ దంచి, మూకుట్లో మూడు చెంచాల నెయ్యి కాచి, అందులో వేశాడు. అలవాటుగా చెయ్యి కరివేపాకు మీదికి కూడా పోయింది గానీ సమయానికి వెనక్కి లాక్కున్నాడు. ఘుమఘుమలాడుతున్న పోపుని కుండలో కుమ్మరిస్తే చుయ్యిమంది. ఆ వాసనకి అతనికే కళ్ళు చెమర్చాయి. ఆంగస్ గారు ఉంటేనా, అనుకున్నాడు. మనసులో అతన్ని ఎప్పుడూ గారు అనే అనుకునేవాడు.

నెల తరవాత సీసాల మెడల దగ్గర తెల్లటి పలుకులేవో తేలుతున్నాయి. ఈస్ట్ అయి ఉంటుందనుకున్నాడు. తాగేవాడైతే ఒక గుక్క చూసుకునేవాడు. తాగడు కదా.

పుట్టినరోజు శనివారం వచ్చింది. తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికి సిడ్నీ చేరాడు. ఆంగస్ కిటికీ పక్క కుర్చీలో చిక్కిపోయి ఉన్నాడు. షాలేమ్‌ని చూసి చెయ్యి చాపాడు, ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు. షాలేమ్ గ్లాసు వంచి, అతను నేర్పినట్టే పోశాడు. నురగ రాలేదు. నాలుగు బుడగలు లేచి చప్పున చచ్చిపోయాయి. తన చెయ్యి తిరగలేదేమో అనుకుని, గ్లాసు అందించి, సంచిలోంచి పుస్తకం తీసి కొత్త పేజీలో ఇరవై అంకె వేసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

ఆంగస్ గ్లాసుని వెలుగుకి ఎత్తి చూశాడు. పెన్నుని చూశాడు. షాలేమ్ మొహం చూశాడు. ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకోలేదు. మిగతాదంతా నెమ్మదిగా చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

“బాగుంది,” అన్నాడు. “చాలా బాగుంది, షాలేమ్.”

షాలేమ్ ఎదురుచూశాడు.

“దారిలో మంచు ఉందా?” అన్నాడు ఆంగస్.

“లేదండి. రోడ్డు బాగానే ఉంది.”

ఆ తరవాత వాతావరణం గురించి కాసేపు, ఆసుపత్రి గురించి కాసేపు. నర్సు మందులు తెచ్చింది. షాలేమ్ సీసాల పెట్టెలోంచి ఆరు అక్కడ పెట్టబోతే, “రెండు చాలు, మిగతావి తీసుకెళ్ళు, ఇక్కడ చోటు లేదు,” అన్నాడు పెద్దాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే షాలేమ్ గుండెల్లో దిగింది. నాలుగున్నర గంటల దారిలో రేడియో పెట్టుకోలేదు. బాగుందట. పంతొమ్మిది బీర్లకి ఆ మనిషి నోట ఉత్త ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారీ రాలేదు. పుస్తకంలో ఇరవై అంకె కింద పేజీ ఖాళీగానే ఉంది.

మర్నాడు చర్చి నుంచి వచ్చి, భోజనం చేయబుద్ధి కాక, వెనక్కి తెచ్చిన సీసాల్లో ఒకటి తీశాడు. ఊరికే చూద్దామనే. గ్లాసులో పోస్తే మళ్ళీ నురగ లేదు. వెలుగుకి పెట్టాడు. పైన సన్నటి జిడ్డు వలయం, అంచుకి అంటుకున్న తెల్లటి పలుకులు. దాన్ని అతను ఎక్కడో చూశాడు. ఎక్కడో ఏమిటి, చల్లారిపోయిన చారు గిన్నెలో వారం వారం చూస్తున్నాడు. నెయ్యి. పేరిన నెయ్యి. నురగని చంపింది అదే.

అయినా రుచి ఎలా ఉందో? ఆంగస్ గారు గ్లాసుడు చివరిదాకా తాగింది ఏమిటో? షాలేమ్ సింకు దగ్గర నిలబడ్డాడు. నలభై ఒక్క ఏళ్ళ మాట. పాస్టరు గారు పోయి చాలాకాలమైంది, ఆ తక్కిన పదిమందీ ఎక్కడున్నారో తెలియదు, మాట మాత్రం ఉంది. నాలుక కొస తగిలిస్తే ముట్టినట్టవుతుందా అని కూడా ఆలోచించాడు, అతని తెలివి అంతవరకూ పోయింది. కానీ ఆ పెద్దాయన కొసతో తాగలేదు కదా. దేవుడితో సంగతి తరవాత తేల్చుకోవచ్చని, కళ్ళు మూసుకుని ఒక పెద్ద గుక్క మింగాడు.

ఘోరంగా ఉంది. బీరంటే ఎలా ఉండాలో తెలియనివాడికి కూడా తెలిసిపోయేంత ఘోరం. ముక్కిపోయిన నెయ్యి నాలుకంతా పూత పూసింది, దాని కింద చేదు, ఆ అడుగున ఎక్కడో మిరియం ఊపిరాడక కొట్టుకుంటోంది. దీన్ని చివరి చుక్కదాకా మింగి, ఆ మనిషి చాలా బాగుంది అన్నాడు. జాలిపడ్డాడు. షాలేమ్ అక్కడే కుర్చీలో కూలబడి, చాలా ఏళ్ళ తరవాత ఏడ్చాడు. తననుంచి ఏమీ ఆశించనివాళ్ళే తనకి బాగుందని చెబుతారని అతనికి ఆ క్షణాన తెలిసింది. దాంతోపాటే మరొకటి కూడా తెలిసింది గానీ, దాన్ని కాసేపు పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

“ఆంగస్, నేను తాగాను!” అని అరిచాడు, అవతల వినపడాలని.

“ఏం తాగావు?”

“నా బీరు. ఘోరంగా ఉంది. మీరెందుకు చెప్పలేదు?”

“నాలుగు వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చావు,” అన్నాడు ఆంగస్. “పెన్ను పట్టుకుని కూర్చున్నావు. నోరు రాలేదు.”

“ఇంకెప్పుడూ అలా చేయకండి. మీరు కూడా బాగుంది అంటే నాకింకెవరున్నారు?”

ఫోన్‌లో గొంతు సవరించుకున్న చప్పుడు. “పుస్తకం దగ్గరుందా?” అన్నాడు ఆంగస్. “రాసుకో, వెధవా. అసలు ఏం పోశావు అందులో?”

నెయ్యి అని చెప్పగానే మొదలైంది. ఇరవై అయిదు నిమిషాలు. కొవ్వు తగిలితే నురగ బతకదని పసిపిల్లవాడికి కూడా తెలుసన్నాడు. ఫెర్రీ ఇంజను గదిలో బకెట్టు ఇంతకంటే నయమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటి గుక్క ఇదా అని జాలిపడి, ఆ జాలి మధ్యలో మళ్ళీ తిట్టాడు. వచ్చే నెల పోపు లేకుండా కాచి తెమ్మని, తెచ్చేముందు రుచి చూడక్కర్లేదని, ఆ పని తనదని చెప్పి పెట్టేశాడు. షాలేమ్ రెండు పేజీలు రాశాడు.

పెన్ను మూశాక, పక్కన పెట్టిన ఆ రెండో సంగతి అక్కడే ఉంది. ఎండ ఇంకా వంటింట్లోంచి పోలేదు. పడమటగా ఉన్న రిచ్‌మండ్ హిల్‌లో మరో గంట పొద్దుంటుంది. ఇరవయ్యారేళ్ళు ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకోకుండా, బాగుంది బాగుంది అంటూ గిన్నెలు ఖాళీ చేసిన మనిషి ఎవరో అతనికి ఇప్పుడు బాగా తెలుసు. ఈసారి జెస్లిన్ నంబరుకి కాదు, ఏనీ నంబరుకి చేశాడు. ఆరు రింగులకి ఎత్తింది.

“ఏమైందండీ? ఒంట్లో బానే ఉందా?”

“బానే ఉంది,” అన్నాడు షాలేమ్. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. “ఏనీ, జెస్లిన్ మొదటి పుట్టినరోజుకి బిర్యానీ చేశావు కదా.”

“చేశాను. అయితే?”

“ఉప్పెక్కువైంది.”

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెట్టేసిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాడు. పెట్టలేదు.

“తెలుసు,” అంది ఏనీ చివరికి. “నేనూ తిన్నానుగా.”

కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. “ఇంకా ఏవేంటి?” అని అడిగింది.